మోటారు మీద ఒట్టు

మా కాలనీ పేరు గంగోత్రి. సూర్యాపేట నుంచి కోదాడ వైపు పోతూ హైవే దిగి కొంచెం లోపలికి రావాలి. వెంచర్ వేసినవాడు ఆ పేరు ఎందుకు పెట్టాడో తెలియదు గాని, మనిషికి హాస్యం ఎక్కువని మాత్రం అర్థమవుతుంది. వీధి మొదట్లో ఉన్న శశిధర్ ఇంటి ముందు కారు కడిగిన నీళ్ళు రోడ్డు మీద పారుతుంటాయి. వీధి చివర ఉన్న మా ఇంట్లో నల్లా తిప్పితే దగ్గు వినిపిస్తుంది, అంతే.

మా ఆయన వీరేందర్ కాలనీ సంఘానికి అధ్యక్షుడు. వృత్తి దస్తావేజులు రాయడం. ఆయన రాసిన కాగితంలో సందు దొరకదని ఊళ్ళో పేరు. పొద్దున లేవగానే కాలనీ వాట్సాప్ గ్రూపులో "నేటి చిట్కా" అని ఒకటి పెట్టందే ఆయనకు చాయ్ దిగదు. బియ్యం కడిగిన నీళ్ళు గులాబీ మొక్కకు పొయ్యండి, స్నానం చేసిన నీళ్ళు చెట్లకు మళ్ళించండి, బకెట్టు నిండితే నల్లా కట్టెయ్యండి. నల్లాలో నీళ్ళు వచ్చేవాళ్ళకు అవి చాలా ఉపయోగపడే చిట్కాలు. నేను మాత్రం ట్యాంకరు నీళ్ళతో బియ్యం కడిగి, ఆ కడుగుతోనే గిన్నెలు తోమి, ఆ గిన్నెల నీళ్ళతో వాకిలి చల్లేదాన్ని. మా ఇంటి గులాబీ మొక్క ఎప్పుడో పోయింది.

మున్సిపాలిటీని తిట్టి కడుపు నింపుకుందామా అంటే ఆ సుఖం కూడా మాకు లేదు. రోజు విడిచి రోజు పదకొండింటికి నీళ్ళు వదులుతారు, పన్నెండింటికి కట్టేస్తారు. వాల్వు తిప్పే పెద్దయ్యను ఒకసారి నిలదీశాను.

"అమ్మా, నీళ్ళయితే నేను ఇడుస్తున్న. పైపుల ఒచ్చినంక నడుమ ఎవరు గుంజుకుంటున్నరో మీరే సూస్కోవాలె. పైపుకు వాల్వు ఉంటది గాని మనిషి ఆశకు వాల్వు ఉంటదా?" అన్నాడు.

నడుమ గుంజుకునేది ఎవరో నాకు తెలుసు. అందరూ గుంజుకునేవాళ్ళే. మొదట శశిధర్ పైపుకు అర హార్స్ పవర్ మోటారు తగిలించాడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో వాటా ఉన్నవాడు, మోటారు చప్పుడు వినకపోతే నిద్ర పట్టదేమో. అది చూసి పక్కింటివాడు ఒక హార్స్ పవర్‌ది పెట్టాడు. వాణ్ణి చూసి ఎదురింటివాడు ఒకటిన్నర. అందరూ మునగాల నుంచో నేరేడుచర్ల నుంచో పొలాలు కౌలుకిచ్చి వచ్చినవాళ్ళే. మోటారు లేని జీవితం వాళ్ళకు ఊహకు అందదు. చివరికి మేమూ ఒకటి పెట్టాం. మా మోటారు పైపులోని తడితో మాడకుండా నెట్టుకొస్తూ, నిజాయితీగా గాలిని పీల్చి గాలినే ఇచ్చేది.

ఆ ఎండాకాలం ఒకరోజు గాలివాన వచ్చి కరెంటు పోయింది. సరిగ్గా నీళ్ళ వేళ. మా నల్లా నుంచి నీళ్ళు ఎంత దూకుడుగా వచ్చాయంటే కింద పెట్టిన బకెట్టు పక్కకు జరిగిపోయింది. నేను ఆ నల్లా ముందు నిలబడి, పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాను. కరెంటు వచ్చింది. నీళ్ళు పోయాయి. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇదంతా నా ఒక్కదాని బాధ అయితే ట్యాంకరుతోనే కాలం గడిపేదాన్ని. కాని మా బిడ్డ కావ్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. నేను కన్నప్పుడు మా అమ్మ తిరుమలగిరి ఇంట్లో గంగాళం నిండా నీళ్ళు కాచి, నా వీపు మీద చెంబుతో పోస్తుంటే ఒళ్ళు నొప్పులన్నీ కరిగిపోయాయి. ఆ నీళ్ళు నా బిడ్డకు నేను పోయాలి. నాకు వేరే కోరికలు లేవు. ఆ కోరికకు కావలసింది నీళ్ళు మాత్రమే, అవి మాత్రమే మా ఇంట్లో లేవు.

కావ్య అత్తగారు రంగనాయకమ్మది కోదాడ. మాట మెత్తగానే ఉంటుంది, లోపల సూది ఉంటుంది. శ్రీమంతం మా ఇంట్లో పెట్టుకుందామని ఫోన్ చేస్తే ఇలా అంది.

"తప్పకుండా వస్తామండీ వదిన గారూ. కాకపోతే ఒక్క మాట. బాలింత, పసిబిడ్డ ఉన్న ఇంట్లో నీళ్ళు ముఖ్యం కదండీ. మా కోదాడలో అయితే ట్యాపు తిప్పితే చాలు. ఆ రోజు మీ ఇంట్లో చూస్తాను. నీళ్ళు సరిగ్గా లేకపోతే మాత్రం పిల్లని మాతోనే తీసుకెళ్ళిపోతాం. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు. ఫోను పెట్టేసి ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుందామని చూస్తే నీళ్ళు లేవు.

ఆ సాయంత్రమే మా ఆయన మీద పడ్డాను. "అధ్యక్షునివి గద, మోటర్లు తీపియ్యి. లేకుంటే నీ చిట్కాలు నువ్వే కలుపుకొని తాగు" అన్నాను. ఆయన ఒక పూట ఆలోచించి, బ్రహ్మాండమైన ఉపాయం చెప్పాడు. పెద్దగట్టు జాతర నుంచి తెచ్చిన లింగమంతుల స్వామి బండారి మా ఇంట్లో ఉంది. ఆ పసుపు ముట్టి ఒట్టు పెడితే ఈ ప్రాంతంలో ఎవడూ తప్పడు. తప్పితే కళ్ళు పోతాయని భయం.

ఆదివారం అందరినీ పిలిచాడు. స్వామి ఫోటో, ముందు పళ్ళెంలో బండారి. ఒక్కొక్కరే వచ్చి పసుపు ముట్టారు.

"నేను చెప్త, మీరు నా ఎనక అనుర్రి" అన్నాడు మా ఆయన. "ఇయ్యాల్టి సంది మున్సిపాలిటీ నల్లాకు నా చేత్తోని మోటర్ ఎయ్య."

"నా చేత్తోని మోటర్ ఎయ్య" అన్నారందరూ. శశిధర్ గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. నేనూ పసుపు ముట్టి అన్నాను. మా ఆయన చివర్లో ముట్టాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నెలలో నేను చూసిన నీళ్ళు అవే.

ఎందుకంటే ఒట్టు తర్వాత కూడా నల్లా దగ్గుతూనే ఉంది. పెద్దయ్య నీళ్ళు వదులుతున్నాడు, మోటార్లు ఎవరూ వెయ్యడం లేదు, మా ఇంటికి నీళ్ళు రావడం లేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. మా ఆయన దీనికి కూడా ఒక చిట్కా పెట్టాడు: "ఓపిక పట్టండి, ఓపికకు మించిన సంపద లేదు."

శ్రీమంతానికి వారం ముందు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ బొట్టు పెట్టి పిలవడానికి బయల్దేరాను. బొట్టు పెట్టడానికి వచ్చిన ముత్తయిదువను ఎవరూ గుమ్మంలో ఆపరు. వంటింటి దాకా, పెరటి దాకా రమ్మంటారు. మొదట శశిధర్ ఇల్లు. వాళ్ళావిడ మనీషా పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"రా అక్కా, గీడికే రా" అంది.

వెళ్ళాను. బొట్టు పెడుతుంటే గోడ వారన గోనెసంచి కింద నుంచి ఎర్ర దీపం ఒకటి నన్ను చూసి కన్ను కొట్టింది. సంచి కొస కొంచెం లేచి ఉంది. కింద మోటారు, దాని మీద గోడకు చిన్న డబ్బా.

"గదేందమ్మా మనీషా?"

"గదా... గది... పాతది అక్కా. పడేద్దామనుకుంటున్నం."

పడేసే వస్తువుకు దీపం వెలిగించి పెట్టే భక్తి నేనెక్కడా చూడలేదు. పక్కింటికి పోయాను. అక్కడ మోటారు మీద పాత చీర కప్పి ఉంది, పక్కన అదే డబ్బా. ఇంకో ఇంట్లో దాని మీద తులసి కుండీ పెట్టారు. పుణ్యం పురుషార్థం రెండూ. ఏ పెరట్లో చూసినా అదే డబ్బా, అదే ఎర్ర కన్ను.

ఆ డబ్బా సంగతి నాకు బాగా తెలుసు. తిరుమలగిరిలో మా తమ్ముడు బత్తాయి తోటకు అలాంటిదే పెట్టాడు. అందులో గడియారం ఉంటుంది. వేళ పెట్టి వదిలేస్తే, ఆ వేళకు మోటారు తనే నడుస్తుంది, తనే ఆగుతుంది. చెయ్యి పెట్టే పనే లేదు. నీళ్ళొచ్చే రోజున పదకొండుకు నడిచి పన్నెండుకు ఆగేలా పెట్టుకుని, అందరూ పసుపు అంటిన చేతులు ముడుచుకుని ధర్మంగా కూర్చున్నారన్నమాట. "నా చేత్తోని" ఎయ్యనన్నారు, ఎయ్యడం లేదు. దేవుడికి కూడా దస్తావేజు రాసి ఇచ్చారు.

దస్తావేజు అనుకోగానే నా కాళ్ళు ఆగిపోయాయి. "నా చేత్తోని" అన్న మాట ఎవరు రాశారు?

ఇంటికి వచ్చి వెనక బాత్రూంలో పాత పరుపుల చాటున వెతికాను. మా మోటారు చప్పుడు బయటికి రాకుండా అక్కడే ఉంది. దాని మీద డబ్బా, డబ్బాకు ఎర్ర దీపం. దొంగతనం చేసి కూడా చుక్క నీళ్ళు దక్కించుకోలేని దొంగను నేను మొదటిసారి చూశాను, అతను నా మొగుడు. నా బిడ్డ కాన్పు కోసం పెట్టిన ఒట్టులో ముందుగానే సందు వదిలి రాసుకున్నాడు. మిగతావాళ్ళకు ఆ సందు కనిపించదనుకున్నాడు. కాలనీ అంతా ఆయన దగ్గరే కదా కాగితాలు రాయించుకుంది, ఆ మాత్రం నేర్చుకోరా?

ఆ పరుపుల మీదే కూర్చున్నాను. అరుద్దామనుకున్నాను. అరిస్తే ఏమవుతుంది? ఇంకో మీటింగు, ఇంకో ఒట్టు, ఇంకో చిట్కా. నాకు అప్పుడు ఆ డబ్బా గురించి మా తమ్ముడు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. కరెంటు పోతే ఆ డబ్బాలోని గడియారం కూడా ఆగిపోతుంది. కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచే మళ్ళీ నడుస్తుంది. ఒకసారి గంట సేపు కరెంటు పోతే, వాడి మోటారు గంట ఆలస్యంగా, తొట్టిలో నీళ్ళు అయిపోయాక లేచి, ఉత్త గాలిలో తిరిగి మాడిపోయింది.

పరుపులు సర్ది, చేతులు దులుపుకుని, కరెంటు కంప్లైంట్ నెంబరుకు ఫోన్ చేశాను. మా ఇంటి ముందు కానుగ చెట్టు కొమ్మలు వైర్లకు తగులుతున్నాయి, నిప్పురవ్వలు పడుతున్నాయి, వచ్చే వారం ఫలానా రోజు పదకొండు లోపే మనిషిని పంపండి అని చెప్పాను. నిజమే చెప్పాను. హైవే దాకా జాగా ఉండగా సరిగ్గా వైర్ల కిందే ఆ చెట్టును నాటింది మా అధ్యక్షుల వారే, నీళ్ళ డబ్బాతో ఫోటో కూడా దిగారు.

శ్రీమంతం రోజు నీళ్ళు వచ్చే రోజే పడింది. ఇంటి ముందు టెంటు, లోపల కావ్య పచ్చ చీరలో, చేతుల నిండా గాజులతో కూర్చుంది. దాని ముఖం చూస్తే నా గుండె నిండిపోయింది. కాలనీ మొత్తం వచ్చింది. కోదాడ నుంచి రంగనాయకమ్మ వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కోవడానికి నల్లా వైపు చూసింది. "పదకొండుకు వస్తయి వదినె" అని ట్యాంకరు నీళ్ళ చెంబు ఇచ్చాను. ఆమె చెంబును చూసింది, నన్ను చూసింది.

పదకొండుకు కొంచెం ముందు లైన్‌మన్ లింగ్యా నిచ్చెన, కొడవలి పట్టుకుని వచ్చాడు. టెంటు చూసి వెనక్కి తగ్గాడు.

"అమ్మా, కొమ్మలు కొట్టాలంటే లైన్ బంద్ జెయ్యాలె. గంట పడ్తది. ఫంక్షన్ ఉన్నట్టుంది, రేపొస్త తీ."

"రేపెందుకు? ఇయ్యాల్నే కొట్టు. పన్నెండున్నరకు గాని కరెంటు ఇయ్యకు. ఒక్క కొమ్మ గూడ మిగలొద్దు. పని అయినంక కూసొని అన్నం తినిపో."

మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, దిమాక్ ఖరాబ్ అయిందా? గింతమంది ఉన్నరు, ఫ్యాన్లు లేకుంటె ఎట్ల?"

"విసనకర్రలు తెప్పిచ్చిన. నేటి చిట్కా అనుకో" అన్నాను.

కరెంటు పోయింది. పదకొండయింది. ఈసారి మా నల్లా దగ్గలేదు. గొంతు సవరించుకుంది, ఒక్కసారి ఉమ్మింది, తర్వాత దూకింది. గంగాళం నిండింది, డ్రమ్ములు నిండాయి, సంపు నిండుతున్న చప్పుడు టెంటు దాకా వినిపించింది. నేను రంగనాయకమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నల్లా ముందు నిలబెట్టాను. ఆమె చెయ్యి చాపింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి.

"అబ్బో, మా కోదాడ కంటే జోరుగా వస్తున్నాయండీ!" అంది.

"మా కాలనీల గంతే వదినె. అందరు మంచోళ్ళు" అన్నాను.

పెద్దయ్య వాల్వు కట్టేసి వెళ్ళాడు. కావ్యకు గాజులు వేశాం, ఒడి నింపాం, పాటలు పాడాం. పన్నెండున్నరకు భోజనాల మొదటి బంతి వేశాను. కాలనీ పెద్దలందరినీ ఆ బంతిలోనే కూర్చోబెట్టాను. ఎదురుగా స్టూలు మీద లింగమంతుల స్వామి ఫోటో పెట్టి పూలదండ వేశాను. ఎవరికీ అనుమానం రాలేదు. శుభకార్యం కదా, దేవుడుంటాడు. పప్పు వడ్డించారు, ముద్దపప్పు మీద నెయ్యి పోశారు. అప్పుడు కరెంటు వచ్చింది.

మొదట ఫ్యాన్లు తిరిగాయి. అందరూ "అమ్మయ్య" అన్నారు. కాసేపటికి వీధి మొదట్లో ఒక మోటారు లేచింది. తర్వాత దాని పక్కింట్లో, తర్వాత ఎదురింట్లో. డబ్బాల్లో గడియారాలకు అప్పుడే పదకొండయింది మరి. పైపులో చుక్క నీళ్ళు లేవు. నీళ్ళు లేకుండా తిరిగే మోటారు చప్పుడు రైతు బిడ్డ ఎవరికైనా తెలుస్తుంది. వీధి వీధంతా కీచుమంటోంది.

బంతిలో చేతులు ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. లేచి పరుగెత్తితే మోటారు దక్కుతుంది, కాని మొదట లేచినవాడు ఒట్టు తప్పినవాడని కాలనీ ముందు, స్వామి ముందు తేలిపోతుంది. శశిధర్ జేబులోంచి ఫోను తీసి, అది మోగకుండానే చెవి దగ్గర పెట్టుకుని సగం లేచాడు.

"కూసో తమ్మీ" అన్నాను నెయ్యి గిన్నెతో ఎదురుగా నిలబడి. "శ్రీమంతం బంతిల నడుమ లేస్తే కడుపుతోనున్న పిల్లకు మంచిది కాదు."

కూర్చున్నాడు. విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి పోశాను.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది రంగనాయకమ్మ.

"ఏమో వదినె. మోటర్లయితే కావు. మా కాలనీల అందరు బండారి ముట్టి ఒట్టు వెట్టిన్రు" అన్నాను. "కాదా అన్నా? కాదా తమ్మీ?"

తేలు కుట్టిన దొంగల్లా అందరూ తలలూపారు. "మిల్లు సప్పుడేమో" అని గొణిగింది మనీషా. మాకు దగ్గరలో మిల్లు లేదు. కీచుమన్న చప్పుళ్ళు ఒక్కొక్కటే గొంతు మారి, మూలిగి, ఆగిపోసాగాయి. గాలి మీద మాడిన వాసన వచ్చింది. అంత మౌనంగా, అంత క్రమశిక్షణతో మా కాలనీవాళ్ళు భోంచెయ్యడం అదే మొదలు.

అప్పుడు లోపలి నుంచి కావ్య అరిచింది. "అమ్మా! మన ఎనక బాత్రూంలకెళ్ళి పొగ వస్తుందే!"

అందరి తలలూ ఒక్కసారి లేచాయి. సాంబారు బకెట్టుతో నిలబడ్డ మా ఆయన వైపు తిరిగాయి.

"గది... గీజర్ అయి ఉంటది" అన్నాడు.

"మనకు గీజర్ యాడిది?" అన్నాను. నా గొంతు నేను అనుకున్నంత నెమ్మదిగా రాలేదు. "బిడ్డ కాన్పుకు నీళ్ళు లేవని నేనేడుస్తుంటే, ఒట్టుల కూడ సందు ఇడిచి రాసినవు గదనయ్యా!"

ఆయన బకెట్టు కింద పెట్టాడు. ఆయన దగ్గర ఏ విషయానికైనా ఒక చిట్కా ఉంటుంది, ఆ రోజు మాత్రం దొరకలేదు.

మర్నాడు సూర్యాపేటలో మోటార్లు బాగుచేసే వైండింగ్ షాపు ముందు మా కాలనీ జనరల్ బాడీ మీటింగు జరిగిందని విన్నాను. గోనెసంచుల్లో చుట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని వచ్చిన మోటార్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయట. "మా బావమరిదిది" అన్నాడట శశిధర్. అందరివీ బావమరుదులవేనట. లింగమంతుల స్వామి మహిమ అని కొందరు లెంపలేసుకున్నారు. వేసుకోనీ, స్వామి కోపగించడు.

రంగనాయకమ్మ ఒక్కతే కోదాడ బస్సెక్కింది. కావ్య మా ఇంట్లోనే కంది, ఆడపిల్ల. నేను గంగాళం నిండా నీళ్ళు కాచి, కావ్య వీపు మీద చెంబుతో పోశాను. "హాయిగుందే అమ్మా" అంది. ఇంకో చెంబు ముంచి పోశాను. మోటార్లు షాపులో ఉన్నన్నాళ్ళు వీధి మొదటి ఇంటికీ, చివరి ఇంటికీ నీళ్ళు ఒకేలా వచ్చాయి. శశిధర్ ఆశ్చర్యపోయాడట, మోటారు లేకున్నా నీళ్ళు వస్తాయా అని.

మొన్న మనీషా పెరట్లో మళ్ళీ గోనెసంచి కనిపించింది. దాని కింద ఎర్ర దీపం. డబ్బా కొత్తది.

మనవరాలికి స్నానం చేయించిన నీళ్ళు, మా ఆయన చిట్కా ప్రకారమే, రోజూ పొద్దున మోడులా మిగిలిన కానుగ చెట్టుకు పోస్తున్నాను. అప్పుడే చిగుళ్ళు వేసింది. కొమ్మలు వైర్లకు తగలాలంటే ఇంకా చాలా పెరగాలి.